సెలవు చీటీలో అమ్మ

జూన్ 20, శుక్రవారం. తార్నాక

సెలవు చీటీ ఇచ్చేశాను. అమ్మకు సీరియస్‌గా ఉంది, సోమవారం నుంచి శుక్రవారం వరకు ఊళ్లో ఉండాలి అని రాశాను. వచ్చే వారం ఇన్‌స్పెక్షన్ కమిటీ వస్తుంది కాబట్టి ఎవరికీ సెలవు ఇవ్వనని హెడ్ విజయశ్రీ మేడం మొన్ననే చెప్పింది. ఈ చీటీ చూసి మాత్రం మారు మాట్లాడకుండా సంతకం పెట్టింది. సూపరింటెండెంట్ రామాంజనేయులు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "పెద్దామెకు ఏం కాదులే సార్. మీరు బయల్దేరండి. ఈడ సంగతి నేను జూసుకుంటా" అన్నాడు. ఆయన లేవకుండా ఉంటే బాగుండేది.

విదేశం పోవాలంటే యూనివర్సిటీ అనుమతి కావాలి. రెండు నెలల ముందు అర్జీ పెట్టాలి. శైలజ జనవరిలోనే టికెట్లు కొన్నది. నేను రేపు పెడతా, ఎల్లుండి పెడతా అంటూ ఏప్రిల్ దాటించాను. తప్పు నాదే. కానీ ఇరవై ఏళ్ల సంసారంలో ఆమె అడిగింది ఇదొక్కటే. గ్రీసులో ఒక దీవి, వారం రోజులు, ఏ పనీ లేకుండా.

సాయంత్రం సుధామయి వచ్చింది. నా దగ్గర పిహెచ్.డి. చేస్తున్న అమ్మాయి. జనగామ వైపు కౌలు రైతుల మీద ఏడేళ్లుగా పని చేస్తున్నది. పొడిగింపులన్నీ అయిపోయాయి. 27వ తేదీ సాయంత్రం అయిదు గంటలకు థీసిస్ ఆఫీసులో చేరాలి, లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. నాలుగు సర్టిఫికెట్ పేజీల మీద నేను సంతకం పెడితే బైండింగ్‌కు ఇస్తుంది. నీలం ఫైల్లో పెట్టి తెచ్చింది. "ఇప్పుడే పెట్టుండ్రి సార్, రెండు నిమిషాలు" అన్నది. చివరి అధ్యాయం చదవకుండా ఎట్లా పెడతాను అన్నాను. రాత్రికి చదివి రేపు పొద్దున ఇస్తాను, నువ్వు లాలాపేట్‌లోనే కదా ఉండేది అన్నాను.

చదవలేదు. రేపు పొద్దున చూడాలి.

జూన్ 22, ఆదివారం. నాక్సోస్

దోహా, ఏథెన్స్, అక్కడి నుంచి ఓడలో నాలుగు గంటలు. శైలజ ఓడ పైఅంతస్తు మీద నిలబడి కొంగు గాలికి వదిలేసింది. ఆమె అట్లా నవ్వడం చూసి చాలా రోజులైంది.

గది బాగుంది. గోడలకు సున్నం, కిటికీలకు నీలం రంగు. గోడ మీద కాగితం పూల తీగ. కింద సముద్రం.

జూన్ 23, సోమవారం

పొద్దున్నంతా కుర్చీలో పడుకున్నాను. ఇక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. టమాటా ముక్కలు, ఉప్పటి జున్ను, పెరుగులో కలిపిన దోసకాయ తిన్నాం. శైలజ సంచిలోంచి మామిడికాయ తొక్కు తీసి పెరుగులో కలిపింది. హోటలాయన వేలితో తీసి నాకి, నీళ్ల కోసం లోపలికి పరిగెత్తాడు. ఇద్దరం చాలాసేపు నవ్వాం.

మధ్యాహ్నం పెట్టె అడుగున చెప్పులు వెతుకుతుంటే నీలం ఫైలు దొరికింది.

నాలుగు పేజీలు అట్లాగే ఉన్నాయి.

జూన్ 24, మంగళవారం

సుధామయి మెసేజీలు. శనివారం ఒకటి, ఆదివారం రెండు, నిన్న నాలుగు.

"సార్, అమ్మకు బాలేదని రామాంజనేయులు సార్ చెప్పిండు. ఇప్పుడెట్లున్నది?"

"సార్, ఈ టైంల అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఫైల్ ఎక్కడన్న పెట్టి పోయిన్రా? మీ ఇంటికి తాళం ఉన్నది."

"సార్, ఫోన్ కలుస్తలేదు. దవాఖాన్ల ఉన్నరేమో."

మెసేజీ చదివినట్టు అవతలివాళ్లకు కనిపించకుండా సెట్టింగ్ మార్చాను. తర్వాత సముద్రంలో దిగాను. నీళ్లు చల్లగా ఉన్నాయి, కాళ్లు అడుగున ఇసుక మీద కనిపిస్తున్నాయి.

ఇంకా మూడు రోజులు ఉన్నాయి కదా. ఆ అమ్మాయి తెలివిగలది. ఏదో దారి చూసుకుంటుంది.

జూన్ 25, బుధవారం

స్కూటర్ అద్దెకు తీసుకుని దీవి లోపలికి పోయాం. రాళ్ల గట్లు, మేకలు. ఇక్కడ ఆలుగడ్డ బాగా పండుతుందట. ఒక ముసలామె నల్లగుడ్డలు కట్టుకుని పారతో ఆలుగడ్డలు తవ్వుతున్నది. నడుం వంచి, లేచి, మట్టి దులిపి, మళ్లీ వంగుతున్నది. శైలజ ఫోటో తీసింది. నేను అటు చూడలేదు.

సాయంత్రం మెసేజీ:

"సార్, హెడ్ మేడంని అడిగిన. గైడ్ దేశంల లేకుంటే రూల్ ప్రకారం ఆమెనే సంతకం పెట్టొచ్చునట. లీవ్‌ల ఉండి ఊర్లె ఉంటె పెట్టరాదట. మీ సార్ ఉన్నది నూరు కిలోమీటర్లు కూడ లేదు కదమ్మ, పోయి పెట్టించుకొచ్చుకో అన్నది. పేజీలు కొత్తగ ప్రింట్ తీసిన. రేపు ఫస్ట్ బస్సుకు మీ ఊరికి వస్తున్న. ఫీల్డ్‌వర్క్‌ల ఆ తొవ్వ నాకు తెల్సిందే. అమ్మను కూడ చూసినట్టుంటది."

నాలుగుసార్లు చదివాను.

నేను ఇక్కడ ఉన్నానని ఒక్క ముక్క రాస్తే ఆ పిల్ల పని రేపే అయిపోతుంది. హెడ్ సంతకం పెడుతుంది. అబద్ధం చెప్పి సెలవు తీసుకున్నవాడు, అనుమతి లేకుండా దేశం దాటినవాడు అని నా పేరు కూడా రేపే పోతుంది.

'రావద్దు' అని టైప్ చేశాను. మరి ఎక్కడున్నారు అంటే ఏ ఆస్పత్రి పేరు చెప్పను? తుడిపేశాను.

శైలజకు చెప్పాను. వింటూ జడ అల్లుకుంటున్నది. సగంలో చేతులు ఆగాయి.

"లీవ్ దొరికింది అన్నవ్. ఇట్ల దొరికిందని చెప్పలే."

"వేరే దారి లేకుండె."

"నాకు జ్వరమని రాస్తె ఏమయితుండె? నాకు ఆపరేషన్ అని రాస్తె? అత్తమ్మ పేరెందుకు పెట్టినవ్?"

అమ్మ పేరు పెడితే ఎవరూ ఎదురు అడగరు. అందుకు పెట్టాను. ఇది మూడోసారి. ఈ మాట ఆమెకు చెప్పలేదు.

జూన్ 26, గురువారం

ఇక్కడ పొద్దున తొమ్మిది. అక్కడ పదకొండున్నర. బస్సు ఊరికి చేరి ఉంటుంది.

అదే రోజు, మధ్యాహ్నం తర్వాత

తమ్ముడు కమలాకర్ నంబరు నుంచి వాయిస్ మెసేజీ వచ్చింది. ఒడ్డున కుర్చీలో ఉండి విన్నాను. తమ్ముడు కాదు, అమ్మ. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, మొబైల్‌లోది తీసేస్తానేమోనని.

"దయాకరా, నేను, అమ్మను. కమలాకర్ ఫోన్ల మాట్లాడుతున్న. ఒక పిల్ల వచ్చింది గీడికి. నేను చెల్కల పత్తిగింజలు పెడుతున్న. గట్టు మీద నిలవడి, లచ్చవ్వ ఇల్లు యాడ అని నన్నే అడిగింది. నేనే లచ్చవ్వను బిడ్డా అన్న. నోరు తెరిచింది. సార్ మీకు సీరియస్ అని చెప్పిండు అన్నది. నాకేం తోచలే. నిన్నటిదాక బాలేదు, గిప్పుడే జర లేచిన అన్న. గింజల గిన్నె ఆన్నే పెట్టి ఇంటికి తోలుకొచ్చి మంచంల పండుకున్న. నువ్వు మందులకు జనగామ పోయినవని చెప్పిన. పొద్దూకేదాక చూసింది, పాపం. ఇప్పుడే బస్సెక్కింది. నువ్వు యాడున్నవో నాకు చెప్పకు. చెప్తే నా నోరాగది. ఆ పిల్లకు నీ సంతకం కావాల్నట. అది జేసిపెట్టు ముందుగాల."

ఎండ వీపు మీద కాలుతున్నా లేవలేదు.

అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి.

జూన్ 27, శుక్రవారం

అక్కడ అయిదు అంటే ఇక్కడ రెండున్నర.

పన్నెండింటికి హెడ్‌కు మెయిల్ రాశాను. "మేడం, నేను ప్రస్తుతం గ్రీసు దేశంలో ఉన్నాను. సుధామయి సర్టిఫికెట్ పేజీల మీద నా బదులు మీరు సంతకం చేయగలరు." రెండు వాక్యాలు. అక్షరదోషాలు చూశాను. 'చేయగలరు' బదులు 'చేయవలసిందిగా కోరుతున్నాను' అని మార్చాను. మళ్లీ 'చేయగలరు' చేశాను.

ఒంటిగంటకు భోజనం చేశాం. శైలజ చేప తెప్పించింది. తిన్నాను.

రెండుంబావుకు ఫోన్ తీసి చూశాను. మెయిల్ డ్రాఫ్టుల్లో ఉంది.

రెండున్నర అయింది.

జూన్ 28, శనివారం. ఏథెన్స్ విమానాశ్రయం

కమలాకర్ మెసేజీ. "అన్నా, యాడున్నవే? ఫోన్ ఎత్తవు. అమ్మకు బాలేదని ఊరంత తెలిసింది. పొద్దటి సంది పలకరించ వస్తనే ఉన్నరు. బ్రెడ్లు, గ్లూకోజ్ ప్యాకెట్లు ఇంటి నిండా. పెద్దమ్మ ఏడ్సుకుంట వచ్చింది, మంచం దిగనిస్తలేదు. గింజలు పెట్టనీకి వచ్చినోళ్లు రెండు దినాలు చూసి వేరేకాడికి పోయిన్రు. వాన పదును ఆరిపోతున్నది. అమ్మను అడిగితే కడుపుల నొప్పి అంటది, రొట్టె మాత్రం మంచిగనే తింటున్నది. నాకేం సమజ్ అయితలేదు."

శైలజ నాకు రెండు కుర్చీల అవతల చోటు చూసుకుంది. దీవిలో కొన్న తెల్లరాయి గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

జూన్ 30, సోమవారం. తార్నాక

డిపార్టుమెంటులో అడుగు పెట్టగానే రామాంజనేయులు ఎదురొచ్చాడు.

"పెద్దామెకు ఎట్లుండాది సార్?"

"ఇప్పుడు నయం."

"నాకు తెల్సు సార్. మా ఇంటామె కమలమ్మ మంగళారం మీ అమ్మ పేరు మీద ఆంజనేయస్వామికి ఆకుపూజ జేయించింది. ఇదో ప్రసాదం, మీ కోసమే పెట్టినా." నా ముఖం చూశాడు. "ఏం సార్, ఇంత నల్లబడినారు? ఆస్పత్రుల చుట్టూ ఎండలో తిరిగినట్టుండారే. వీపు గూడా కాలినట్టుండాది, బ్యాగు తగిలించుకోల్యాకపోతాండారు."

ప్రసాదం రెండు చేతులతో తీసుకున్నాను.

"ఆ పాప రిజిస్ట్రేషన్ పోయింది సార్," అన్నాడు గొంతు తగ్గించి. "శుక్రారం అయిదు దాకా ఈ బల్ల మీదనే కూచోనుండె. అయిదయినాక నేనే పొమ్మని చెప్పినా. ఏడవలా. నీళ్లు తాగి పోయింది. గురువారం రీసెర్చ్ కమిటీ కూచుంటాది. గట్టి కారణం కాగితంతో సహా చూపిస్తే ఆలస్యాన్ని మన్నిస్తారు. ఏం కారణం జూపిస్తాది పాపం? గైడు ఊర్లోనే ఉండె కదా."

పదకొండింటికి సుధామయి నా గదికి వచ్చింది. చేతిలో గుడ్డసంచి. బల్ల మీద పెట్టింది. సీసా, దాని మూతికి కట్టిన పాత చీర ముక్క. ఆ చీర నాకు తెలుసు.

"అమ్మ ఇచ్చింది సార్. కొత్త మామిడికాయ తొక్కు. మా దయాకర్‌కు ఇయ్యి బిడ్డా, పట్నంల దొరకది అన్నది."

సరే అన్నాను. తర్వాత తట్టింది. మందులకు జనగామ పోయిన కొడుకు రాత్రికి ఇంటికొస్తాడు. వాడికి తొక్కు హైదరాబాద్ పోయే పిల్ల చేతికి ఇచ్చి ఎవరు పంపుతారు? అమ్మకు అబద్ధం సాగదీయడం రాదు. మొదటి ముక్క చెప్పి, తర్వాతిది మరిచిపోయి, కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు కదా అని సీసా కట్టి ఇచ్చింది.

ఈ అమ్మాయికి ఆ గడప దాటినప్పుడే తెలిసింది. శుక్రవారం అయిదింటి దాకా తెలిసే కూర్చుంది. రామాంజనేయులు పక్కనే ఉన్నా నోరు విప్పలేదు.

"అమ్మ ఎట్లున్నది సార్?" అని అడిగింది. నా కళ్లలోకి చూస్తూ అడిగింది. నేను చెప్పడానికి చోటు ఇచ్చింది.

"నయం. ఇప్పుడు కొంచెం నయం."

"మంచిగనే ఉన్నది సార్," అన్నది. "మంచంల నుంచి లేచి జొన్నరొట్టె కాల్చి పెట్టి, మళ్ల పోయి పండుకున్నది."

వెళ్లిపోయింది. నీలం ఫైలు నా బ్యాగులోనే ఉంది. ఇవ్వలేదు. ఇప్పుడు ఇచ్చి ఏం చెప్పాలి?

జూలై 1, మంగళవారం

సెలవు పెట్టకుండా, క్లాసు వేరేవాళ్లకు అప్పజెప్పి ఊరికి పోయాను.

అమ్మ చెల్కలో ఉంది. గింజల గిన్నె చంకలో పెట్టుకుని సాలు వెంట ఒక్కతే పోతున్నది. పైకొంగు నడుముకు చుట్టింది. నన్ను చూసి ఆగలేదు. నేను గట్టు మీది నుంచి పక్క సాలులోకి దిగి వెంట నడిచాను.

"సంతకం అయ్యిందా?"

"కాలే."

గింజ పెట్టింది, కాలితో మట్టి కప్పింది, అడుగు వేసింది.

"తారీఖు దాటింది గద. ఆ పిల్ల చెప్పింది, శుక్కురారం అని."

"దాటింది."

బాట మీద పోతున్న ఒకామె కేకేసింది. "ఏం లచ్చవ్వా, అప్పుడే పొలంకొచ్చినవా? కడుపునొప్పి ఎట్లున్నది?"

అమ్మ చేత్తో పొట్ట పట్టుకుంది. "జర నయం, వదినె. ఇంక తగ్గుతనే ఉన్నది." ఆమె మలుపు తిరిగేదాకా చెయ్యి పొట్ట మీదే ఉంచింది. తర్వాత తీసి మళ్లీ గింజల్లో పెట్టింది. నా వైపు చూడలేదు.

సాలు చివర కూర్చుని నీళ్లు తాగింది.

"పోయిన జాగ మంచిగుండెనా?"

నువ్వే చెప్పకు అన్నావు కదా అన్నాను.

"నీ మొఖం చూస్తె తెలుస్తలేదా? ఎండకు కమిలిన మొఖం నాకు తెల్వదా? నీళ్ల పక్క ఎండ అది."

"సముద్రం అమ్మా. శైలజ అడిగింది."

"అడిగితె పోవాలె. తప్పేమున్నది." నీళ్ల సీసా మూత పెట్టింది. "నాకు చెప్తె నేను కాదందునా?"

అమ్మ అనదు. అది నాకు అప్పుడూ తెలుసు.

"మూడు దినాలు పండుకున్న," అన్నది. "పెండ్లయిన కాడ్నుంచి పగటి పూట మంచంల ఉన్నది గదే. మీరు పుట్టినప్పుడు సుత అన్ని దినాలు పండుకోలే. మా అక్క కాళ్లు పిసుకుతాంటె సిగ్గనిపించింది. దానికే మోకాళ్లు నొప్పులు. వద్దే అంటె ఇనది. ఆరోగ్యం మంచిగున్న మనిషిని, దానితోటి పిసికిచ్చుకున్న."

ఆ మాట చెప్పి లేచింది. మూడు ఎకరాల చెల్కలో ఇంకా సగానికి పైన మిగిలి ఉంది. పొద్దు గూకే దాకా పక్క సాలులో గింజలు పెట్టాను. వీపు కాలిన చోట చొక్కా అంటుకుంది. అమ్మ రెండు సాళ్లు పెట్టేలోపు నాది ఒకటి కాలేదు.

జూలై 2, బుధవారం

శైలజకు చెప్పాను. గురువారం కమిటీకి కారణం కాగితంతో సహా కావాలి. గైడు దేశంలో లేడు అనేదే కారణం. కాగితం నా పాస్‌పోర్టు.

"ఉద్యోగం పోతదా?"

"పోదనుకుంటా. మెమో వస్తుంది. ప్రొఫెసర్ ప్రమోషన్ ఆగుతుంది. ఎంతకాలమో తెలియదు."

"క్యాంపస్ అంతా తెలుస్తది."

"తెలుస్తుంది."

చాలాసేపు వంటింట్లోనే ఉండిపోయింది. తర్వాత బీరువా తీసింది. ఓడ టికెట్లు, విమానం బోర్డింగ్ పాసులు అన్నీ ఆల్బంలో అంటించడానికి దాచుకుంది. ఆ కవరు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇవి గూడ పెట్టు. మల్ల చాలలేదంటరు."

తార్నాక చౌరస్తాలో జిరాక్స్ తీయించాను. షాపాయన ఏథెన్స్ ముద్ర ఉన్న పేజీ అద్దం మీద పెడుతూ "ఫారిన్ పోయొచ్చిన్రా సార్? ఎట్లున్నది?" అని అడిగాడు. బాగుంది అన్నాను. ఎన్ని కాపీలు అన్నాడు. నాలుగు అన్నాను.

జూలై 3, గురువారం

ఉత్తరం రాత్రి నాలుగుసార్లు రాసి చింపాను. చివరికి ఉంచింది ఇది: "జూన్ 21 నుంచి 29 వరకు నేను అనుమతి లేకుండా గ్రీసు దేశానికి విహారయాత్రకు వెళ్లాను. మా తల్లిగారికి ఆరోగ్యం బాగాలేదని సెలవు చీటీలో రాసింది అబద్ధం. ఆమె ఆరోగ్యంగా ఉన్నారు. సుధామయి 26న మా ఊరికి వచ్చి నా కోసం వేచి ఉన్నది. ఆలస్యంలో ఆమె తప్పు ఏమీ లేదు."

హెడ్ చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

"ఇది ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో వేస్తే నేను వెనక్కి తీసుకోలేను దయాకర్ గారూ."

"వెయ్యమనే తెచ్చాను మేడం."

"ఒక్క మెయిల్ పెడితే అయిపోయేది కదా. నేను ఆ రోజు అయిదున్నర వరకు ఆఫీసులోనే ఉన్నాను."

డ్రాఫ్టుల్లో ఉందని చెప్పలేదు. చెప్పే మాట కాదు.

రామాంజనేయులు ఇన్‌వర్డ్ నంబరు వేయడానికి కాగితం తీసుకున్నాడు. ఆయన అలవాటు, నంబరు వేసే ముందు మొత్తం చదువుతాడు. చదివాడు. ముద్ర వేశాడు. నేను గుమ్మం దాకా వచ్చాక ఒక్క మాట అన్నాడు.

"కమలమ్మకు నేనేం చెప్పాల సార్?"

నా జవాబు కోసం ఆగకుండా ఇంకో ఫైలు తీసుకున్నాడు. ఈసారి కుర్చీలోంచి లేవలేదు.

మూడున్నరకు కమిటీ ఒప్పుకుంది. సుధామయి సర్టిఫికెట్ల మీద హెడ్ సంతకం పెట్టింది. గైడ్ అని అచ్చయిన నా పేరు పైన, 'తరఫున' అని రాసి. ఏడేళ్ల పని మీద నా సంతకం లేదు. ఉండకూడదు కూడా.

సుధామయి గుమ్మంలో నిలబడి చెప్పి పోయింది. "అయింది సార్. బైండింగ్‌కు ఇచ్చొస్త." లోపలికి రాలేదు. థ్యాంక్స్ అనలేదు. నీలం ఫైలు అందించబోతే, "అవి ఇంక పనికిరావు సార్" అన్నది.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. కమలాకర్ ఎత్తి ఇచ్చాడు. గాలి చప్పుడు, ఇంకా చెల్కలోనే ఉన్నట్టున్నారు.

"సంతకం అయ్యిందా?"

"అయింది."

"నువ్వు పెట్టినవా?"

"లేదమ్మా. వేరే మేడం పెట్టింది. నేను దేశంలో లేనని, నీకు ఏ రోగం లేదని రాసి ఇచ్చాను."

లైన్ కట్టయిందనుకున్నాను.

"అమ్మా?"

"ఉన్న, ఉన్న," అన్నది. "అయితె ఇగ ఎవలన్న అడిగితె మంచిగనే ఉన్ననని చెప్పొచ్చునా?"